నీళ్ళలో తగిలేది

"తాగండమ్మా, ఇంకా తాగండి. నిండా నీళ్ళు పట్టకపోతే లోపల ఏమీ కనపడదు," అని నర్సు కేకేసి మళ్ళీ తలుపు మూసుకుంది. వరండాలో బల్లల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా సీసాలెత్తారు, గటగటమని గొంతులు కదిలాయి, రాఘవమ్మ ఒళ్ళో చేతులు ముడుచుకుని ఆ గొంతులనే చూస్తూ కూర్చుంది. కూతురు సుభాషిణిని లోపలికి తీసుకుపోయి ఎంతసేపయిందో తెలియదు, గోడకు గడియారం ఉంది కానీ అటు చూడటానికి భయం, చూస్తే చాలాసేపయినట్టు తేలుతుంది, చాలాసేపయిందంటే లోపల ఏదో అయిందన్నమాట, బాగున్న బిడ్డనయితే ఒకసారి చూసి పంపించేస్తారు, మళ్ళీ మళ్ళీ చూస్తున్నారంటే కనపడవలసింది కనపడటం లేదు. నిన్న పొద్దున పిల్ల దోసె తింటూ చెప్పింది, పక్కింటి కబురు చెప్పినట్టు, వీడెవడో గానీ ఉత్త నిద్రమొహమమ్మా, రెండు రోజులుగా తన్నడమే మానేశాడు అని. ఆ మాటతోనే రాఘవమ్మ కళ్ళకు అంతా కనపడిపోయింది, తెల్లగుడ్డ, చిన్న మూట, ఇసకలో చేతులతో తీసిన చిన్న గుంట. ఆమెకు ఎప్పుడూ అంతే. పిల్ల కావలిలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఫోను ఒకసారికి ఎత్తకపోతే చాలు, రెండోసారి మోగేలోపల రైలు పట్టాలు కనపడేవి, మూడోసారికి పోలీసు మొహం కనపడేది. "నీకు దేవుడు కళ్ళు ఇయ్యలేదుమే, సినిమా మిషను ఇచ్చినాడు, అదీ ఉత్త శవాల సినిమా," అంటాడు మొగుడు మునెయ్య. అనీ అనీ ఆయనకే విసుగు పుట్టింది గానీ ఆమెకు సినిమా ఆగలేదు. ఇప్పుడు ఆయన రొయ్యల గుంటల దగ్గరే ఉండిపోయాడు, పట్టుబడి దగ్గరికొచ్చింది, ఎదిగిన రొయ్యలు పట్టేదాకా కాపలా వదలకూడదు. అల్లుడు మధుబాబు చెన్నైలో రైలెక్కాడు. ఇక్కడ తను ఒక్కతే, లోపల పిల్ల ఒక్కతే.

నీళ్ళు. ఎటు తిరిగినా నీళ్ళ దగ్గరికే వస్తున్నాయి ఆలోచనలు. ఊళ్ళో ఎవరన్నా మీ అమ్మాయి ఏం ఉద్యోగమని అడిగితే, నీళ్ళల్లో ఏందో కొలస్తాదంట అని చెప్పి ఊరుకునేది. ఏడో తరగతితో ఆగిన తనకు ఆ పేరు నోట్లో నిలిచేది కాదు, న్యూట్రినో, పిల్ల ఎన్నిసార్లు చెప్పించినా నూట్రినో అనే వచ్చేది. చెన్నైలో పరిశోధన, ఏడాదికోసారి జపాను పోయి అక్కడి మిషన్ల దగ్గర నెల రోజులు డ్యూటీ. అక్కడ ఒక ఫ్యాక్టరీలో వాటిని పుట్టించి గుంపులు గుంపులుగా వదులుతారట, వాటికి రంగు లేదు, బరువు ఉందో లేదో అన్నంత, గోడ అడ్డం పెట్టినా ఆగవు, కొండ అడ్డం పెట్టినా ఆగవు, నేల లోపలి నుంచే వందల కిలోమీటర్లు పోయి ఇంకో కొండ కింద కట్టిన పెద్ద నీళ్ళ తొట్టిని చేరతాయట. ఆ తొట్టిలో కనపడేదేమిటో అర్థం కావాలంటే ముందు అవి నీళ్ళకు తగిలినప్పుడు ఏమవుతుందో సరిగ్గా తెలియాలి, అది కొలవడానికే ఫ్యాక్టరీ పక్కన గోతిలో వీళ్ళ మిషను పెట్టారు. వల లాంటిదేలేమ్మా, ప్లాస్టిక్ బద్దలు గళ్ళు గళ్ళుగా పేర్చి ఆ గళ్ళల్లో నీళ్ళు నింపుతాం, ఏదన్నా ఒకటి తగిలిందా, ఆ దెబ్బకు బద్దల్లో చిన్న మినుకు, ఆ మినుకు గాలపు తాడంత సన్నటి దారాల్లోంచి మిషనుకు వచ్చి పడుతుంది, అని వాకిట్లో చాప మీద కాళ్ళు బార్లా చాపుకుని చెప్పింది పిల్ల. నీళ్ళల్లో వల ఏసేవాళ్ళను చూసినాను గానీ, వలలో నీళ్ళు పోసేవాళ్ళను నిన్నే చూస్తుండా అని తనంటే, పొట్ట పట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది, జపాను వాళ్ళకు ఈ మాట చెప్తానమ్మా, మిషను మీద రాసిపెట్టుకుంటారు అంది. ఆ నవ్వుకు పొట్ట ఎగిరెగిరి పడుతుంటే రాఘవమ్మకు భయమేసింది, చాలుమే, అట్టా నవ్వబాక, లోపల బెదురుకుంటాడు అని.

భయమేసింది నవ్వుకే కాదు. జపాను పోయేటప్పటికే నెల తప్పిన సంగతి పిల్లకు తెలుసు. చెప్పలేదు. చెప్తే తల్లి పోనివ్వదు, ఏడ్చి, అన్నం మానేసి, చివరికి మునెయ్య చేత తిట్టించి అయినా ఆపుతుంది. పోయి, ఆ గోతిలోకి మెట్లు దిగి ఎక్కుతూ నెల రోజులు డ్యూటీ చేసి, విమానం దిగి చెన్నై ఇంట్లో పడుకున్న తర్వాత ఫోను చేసింది, అమ్మా, నువ్వు అమ్మమ్మవి అవుతున్నావు అని. మంచి మాటే. కానీ రాఘవమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంది, లెక్క తేలగానే సినిమా మొదలయింది. పురిటికి ఇంటికొచ్చిన రోజున వాకిట్లో ప్లాస్టిక్ తొట్టిలో పర్మాంగనేటు కలిపి పెట్టింది. రొయ్యల గుంటల మీద అందరూ చేసేదే, ఎవరు గట్టెక్కినా ముందు ఆ ఊదారంగు నీళ్ళల్లో కాళ్ళు ముంచి ఎక్కాలి, ఏ గుంట నుంచి ఏ రోగం అంటుకుని వస్తుందో తెలియదు. కారు దిగిన పిల్ల తొట్టిని చూసి, తల్లిని చూసి, "నేనేమన్నా రొయ్యపిల్లల సీడు డబ్బానా?" అంది. "మునగబెట్టుమే, ఒక్క నిమిషం, నాకోసరం." ముంచింది పాపం. రెండు వాచిన పాదాలు ఊదారంగు నీళ్ళల్లో పెట్టి నిలబడి, మధుబాబు ఫోటో తీస్తుంటే రెండు వేళ్ళు పైకెత్తి చూపించింది. రాఘవమ్మకు మాత్రం ఆ పాదాల మీద నుంచి చూపు పోలేదు.

ఎందుకంటే ఆమె చూసింది. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చిన ఏడు, తెల్లారి గట్టు మీదికి పోతే గుంట అంచు చుట్టూ రొయ్యలు, లోపల ఉండవలసినవి అన్నీ ఒడ్డుకొచ్చి, ఎవరినో ఏదో అడుగుతున్నట్టు మీసాలు పైకి పెట్టి. మధ్యలో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, నీళ్ళను తెల్లగా ఎగజిమ్ముతూనే ఉన్నాయి, కింద ఏమీ మిగల్లేదని వాటికి ఎవరూ చెప్పలేదు. ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు. కాకి తెచ్చిందన్నారు, ఎవరి కాలికో అంటుకుని వచ్చిందన్నారు, పక్క కాలవలోంచి ఒకే ఒక్క రొయ్యపిల్ల దూరి ఉంటుందన్నారు. ఒక్కటి చాలు అన్నారు. అప్పటి నుంచి రాఘవమ్మకు వేలూ లక్షలూ భయం లేదు, ఒక్కటంటేనే భయం. కోట్లు దాటిపోతాయమ్మా, ఎప్పుడో ఒక్కటి తగులుతుంది అని పిల్ల ధైర్యం చెప్పినప్పుడు ఆమెకు వినపడింది ఆ ఒక్కటే.

"కడుపులో ఉండేదీ నీళ్ళేగా," అనడిగింది రాఘవమ్మ, పిల్ల వచ్చిన మర్నాడే, చేటలో మినుములు చెరుగుతూ.

"మొదలుపెట్టినావా?"

"చెప్పుమే."

"నీళ్ళే. అయితే ఏంది? అవి సూర్యుడి నించి కూడా వస్తానే ఉంటాయి మా. ఇదిగో, ఇప్పుడు నీలోంచి పోతుండాయి, నాలోంచి, నీ చేటలోంచి. పగలూ పోతాయి, రాత్రుళ్ళూ పోతాయి, భూమికి ఆ పక్క నించి దూరి వస్తాయి. నువ్వు పుట్టినప్పటి నించి పోతుండాయి, నీకేమన్నా అయిందా?"

"నీళ్ళు ఎక్కువుంటే ఎక్కువ తగుల్తాయా?"

"తగుల్తాయి. అందుకే గదా కొండ కింద అంత పెద్ద తొట్టి కట్టుకునింది. ఇంక చాలమ్మా, నీకు దండం పెడతా. నూట్రినోలు నా గట్టు, పురుడూ పథ్యం నీ గట్టు. ఒకరి గట్టు మీదికి ఒకరు రాగూడదు."

ఆ మాట ఇద్దరికీ బాగా నచ్చింది. పిల్లకు వాదన తప్పింది, తల్లికి అధికారం వచ్చింది. ఆ రాత్రి రాఘవమ్మ పడుకుని ఆలోచించింది, గొడుగు పనికిరాదు, గోడ పనికిరాదు, తలుపులు బిగించినా పనికిరాదు, పిల్ల ఒక్కచోట నిలకడగా కూర్చున్నా పనికిరాదు, కొండే ఆపలేనిదాన్ని ఇంటి కప్పు ఏం ఆపుతుంది, కానీ తగిలేది నీళ్ళకు, ఎంత నీళ్ళుంటే అంత తగిలేది, పిల్ల నోటితోనే చెప్పింది. తన చేతిలో ఉన్నది ఇంక అదొక్కటే. మర్నాడు పొద్దున్నుంచే నీళ్ళు తాగే చెంబు అటక మీదికి పోయింది, దాని బదులు కాఫీ గ్లాసు కిందికి వచ్చింది. కాళ్ళు వాచినాయి గదా, నీళ్ళు తాగితే ఇంకా వాస్తాయి అని చెప్పింది, మన ఊళ్ళో మాలకొండమ్మ కోడలికి అట్లాగే చేశారు అని కూడా చేర్చింది. ప్రతిదానికీ ఎందుకు, ఎట్లా అని అడిగే పిల్ల దీనికి అడగలేదు. తల్లి గట్టు కదా. రోహిణి ఎండలు, ఉప్పుగాలి, ఇనపరేకుల వసారా నిప్పుల కుంపటి లాగుంటే, పిల్ల నాలికతో పెదాలు తడుపుకుంటూ, "ఇంకో గ్లాసు ఇయ్యవా, డాక్టరమ్మా?" అని వేళాకోళం ఆడేది, రాఘవమ్మ సగం గ్లాసు పోసేది, పోస్తూ లోపల లోపల అనుకునేది, ఇంకొన్నాళ్ళే తల్లే, ఓర్చుకో, నీకోసరమే, లోపలివాడి కోసరమే.

అందుకే ఈ పొద్దున డాక్టరమ్మ పొట్ట మీద చేతులు పెట్టి నొక్కి చూసి, లోపల నీళ్ళు తగ్గినట్టున్నాయే అన్నప్పుడు, ఒక్క క్షణం, కన్ను మూసి తెరిచేంత, రాఘవమ్మకు మనసు తేలికపడింది. తను చేసింది పనిచేసింది. తగ్గినాయి. తర్వాత డాక్టరమ్మ మొహం చూసింది. ఆ మొహంలో తేలిక లేదు. వెంటనే స్కానింగ్ అంది, వరస లేకుండా లోపలికి పంపండి అని నర్సుకు చెప్పింది, ఎవరికి వరస తప్పిస్తారో రాఘవమ్మకు తెలుసు.

"నువ్వు కూడా తాగు చెల్లెమ్మా, నోరు పిడచకట్టుకుపోయుండాది నీకు," అని పక్కన కూర్చున్న పెద్దామె సీసా చాపింది. మెహబూబున్నీసా అని ఇందాకే చెప్పింది పేరు, కావలిలో గాజుల కొట్టు, కోడలు కౌసర్‌కు నాలుగో నెలంట, స్కానింగు కోసం పొద్దున్నుంచి నీళ్ళు పట్టిస్తున్నారు.

"వద్దులే అక్కా."

"మా కౌసర్‌ను చూడు, ఒంటె మాదిరి తాగతాది."

"నువ్వే గదత్తా పోస్తుండేది! ఇంకో గుక్క తాగితే ఈడే పోస్తా నేను," అని కోడలు మూతి ముడిచింది. బల్ల మీద అందరూ నవ్వారు.

"పొయ్యిలే, ఎవురేమంటారు. పోయినసారి మనం ఏడ్చిన ఏడుపు మర్చిపోయినావా? ఉమ్మనీరు ఇంకిపోయింది చెల్లెమ్మా, తొలి కాన్పుకు. యా అల్లా, ఇంక ఆశ లేదనుకున్నాం. డాక్టరమ్మ నన్నే తిట్టింది, తల్లి తాగే నీళ్ళేనమ్మా బిడ్డకు చేరేది, తల్లి ఎండితే లోపల వాడూ ఎండతాడు, తాగించబళ్ళా నువ్వు అని. ఇంక చూడు, సీసా చేతిలోంచి దించనియ్యలా. మళ్ళా నిండినాయి. ఆ దొంగనాకొడుకే ఇప్పుడు కొట్లో గాజులన్నీ పగలగొడతా ఉండాడు." ఆమె పెదాలు తుడుచుకుని గొంతు తగ్గించింది. "మీ పిల్లకు ఏమంట?"

"తగ్గినాయంట."

"బాగా తాగిస్తుండావా?"

"ఆఁ," అంది రాఘవమ్మ.

"అయితే ఏం కాదులే. అల్లా చూసుకుంటాడు."

ఏం కాదులే. ఏం కాదు అన్న మాట ఆమె చెవిలోపల ఎక్కడో పడి అక్కడే ఉండిపోయింది, దాని చుట్టూ మిగతావి తిరగడం మొదలుపెట్టాయి, తల్లి తాగే నీళ్ళే, తల్లి ఎండితే, అటక మీద చెంబు, కాఫీ గ్లాసు, దాంట్లో సగం, ఇంకో గ్లాసు ఇయ్యవా డాక్టరమ్మా, నాలికతో తడుపుకునే పెదాలు, గుంట అంచున మీసాలు పైకెత్తి అడుగుతున్న రొయ్యలు. నీళ్ళు తగ్గితే ఏమవుతుందో తెలియని మనిషా తను. పుట్టినకాడి నుంచి గుంటల గట్టు మీద బతికింది, ఎండాకాలం నీళ్ళు దిగితే రాత్రికి రాత్రి మోటార్లు వేయించిన మొగుడితో కాపురం చేసింది, గుంటకు తెలిసిందే కడుపుకు ఎందుకు తెలియలేదు. భయం తెలియనివ్వలేదు. కనపడనిదాన్ని చూసీ చూసీ, ఎదురుగా దాహమని అడిగినదాన్ని చూడలేదు. లేదు, అట్లా కాకపోవచ్చు, మాలకొండమ్మ కోడలికి ఏమీ కాలేదు, నీళ్ళు తగ్గడానికి ఇంకా ఏవేవో ఉంటాయి, జపానే అయి ఉండొచ్చు, అవును, ఆ గోతిలో నెల రోజులు, ఆ ఒక్కటి, అదే తగిలి ఉంటుంది, అదే అయితే బాగుండు అనుకుంది, అనుకుని, తను దేన్ని కోరుకుంటున్నదో తెలిసి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళు ఏది జరగకూడదని నిద్ర లేకుండా దండాలు పెట్టిందో, అదే జరిగి ఉండాలని ఇప్పుడు దండం పెడుతోంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మే బయటికి వచ్చింది, నర్సు కాదు, అది చాలు రాఘవమ్మకు.

"నువ్వేనా తల్లివి? బిడ్డ పెరగలేదమ్మా. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. లోపల నీళ్ళు దాదాపు లేవు. గుండె కొట్టుకుంటోంది, కానీ ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేయాలి. తీసినా నిలబడుతుందని నేను మాట ఇవ్వలేను."

"ఎందుకట్టా అయింది మేడమ్?"

"మాయ సరిగ్గా లేకపోవచ్చు, ఇంకేదన్నా కావచ్చు. ఇప్పుడు అది వెతికే టైం కాదు. మీ అల్లుడికి ఫోన్ చెయ్యి."

ఆమె వెళ్ళిపోయింది. మెహబూబున్నీసా చెయ్యి రాఘవమ్మ భుజం మీద పడింది, అది ఎవరి చెయ్యో ఆమెకు తెలియలేదు. వెనకాలే చక్రాల మంచం వచ్చింది, మంచం మీద సుభాషిణి, ఆకుపచ్చ దుప్పటి, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటి మొహం. నర్సు లిఫ్టు కోసం మంచం ఆపింది. రాఘవమ్మ పోయి పిల్ల చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది, పొడిగా ఉంది.

"అమ్మా, నువ్వు భయపడిందే నిజమేమో."

"ఏంది తల్లే?"

"పోకుండా ఉండాల్సింది నేను. తెలిసే పొయినాను. కడుపుతో ఉండానని తెలిసే ఆ మెట్లు దిగినాను. ఏమీ కాదు, ఏమీ కాదని అందరికీ చెప్పినాను, వీడికి కూడా చెప్పినాను." కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "నేనే చేసుకున్నానమ్మా."

ఇన్ని పుస్తకాలు చదివిన పిల్ల, తనను చూసి నవ్విన పిల్ల, ఇప్పుడు తల్లి భయాన్నే తీసి మెడలో వేసుకుంది. రాఘవమ్మ వంగింది.

"కాదు. అవి తగలవు. నువ్వే గదుమే చెప్పినావు, కొండలే దాటిపోతాయని. నీలోంచీ పోతాయి, నాలోంచీ పోతాయి, ఎవురికీ ఏం కాదు. కోట్లు పోతే ఒకటి. దానికి అంత పెద్ద తొట్టి కావాల. నీ కడుపెంత, వాడెంత. అవి కాదు తల్లే, అవి కాదు." ఏడో తరగతి మనిషి, వాకిట్లో చాప మీద విన్నదంతా వరసగా ఒప్పజెప్పింది, ఒక్క ముక్క తప్పు పోలేదు, ఇన్నాళ్ళు నమ్మని ప్రతి ముక్కా ఇప్పుడు నమ్మి చెప్పింది.

సుభాషిణి ఆమె మొహంలోకి చూసింది. "మరి ఎందుకమ్మా?"

చెప్పకపోతే ఆ నింద తలకెత్తుకుని లోపలికి పోతుంది. చెప్తే తల్లి లేకుండా లోపలికి పోతుంది. రెండూ ఒకేసారి కనపడ్డాయి రాఘవమ్మకు, ఎప్పుడూ చివరిదాకా చూపించే ఆ సినిమా ఇప్పుడు ఇక్కడ ఆగింది, తర్వాతేమిటో చూపించలేదు. లిఫ్టు ఎక్కడో కింద మోగింది.

"నీళ్ళు నేనే తగ్గించినాను."

"కాళ్ళ వాపుకా?"

"వాపుకు కాదు. నీళ్ళు తక్కువుంటే అవి తగలవని. నువ్వు చెప్పినావు గదా, నీళ్ళు ఎక్కువుంటే ఎక్కువ తగుల్తాయని. అందుకని."

పిల్ల కళ్ళల్లో ఏదో పైకొచ్చింది, నవ్వు కావచ్చు, అరుపు కావచ్చు, ఏదో ఒకటి అయ్యేలోపలే మళ్ళీ లోపలికి పోయింది.

"ఎన్నాళ్ళ నించి?"

"నువ్వొచ్చిన కాడి నించి."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. "జరుగమ్మా, జరుగు," అని నర్సు మంచం నెట్టింది. రాఘవమ్మ చేతిలో ఉన్న చెయ్యి విడిపోయింది. పిల్ల లాక్కుందా, బండి కదిలినందుకు జారిందా, ఆమెకు తెలియలేదు. తలుపులు మూసుకున్నాయి, పైన అంకెలు వెలిగి మారాయి, వెనకాల నర్సు ఇంకెవరినో పిలిచింది, జేబురుమాలులో ముడివేసిన ఫోను నడుము దగ్గర మోగుతోంది, మధుబాబే అయి ఉంటాడు. రాఘవమ్మ మూసిన తలుపుల ముందు నిలబడి అరచెయ్యి తెరిచి చూసుకుంటోంది. ముందు ఆ వేళ్ళు వదులయ్యాయా, ముందు బండి కదిలిందా. ఒక్కసారే జరిగింది, అంత దగ్గర నుంచి తనే చూసింది, తన చేతిలోనే జరిగింది, అయినా తెలియలేదు.